యుద్ధం వదిలేసి వెళ్ళిన లారీలు

ఖతార్ లో చలికాలం శుక్రవారం మధ్యాహ్నం మెసయీద్ దాటి సీలైన్ వైపు వెళ్తే అక్కడో చిన్న తిరునాళ్ళు కనిపిస్తుంది. ఇసుక తిన్నెలు మొదలయ్యే చోట టైర్లలో గాలి తగ్గించుకుంటూ వరసగా నిలబడ్డ బళ్ళు. అందులో ముప్పాతిక వంతు రెండే రకాలు. ఒకటి టయోటా ల్యాండ్ క్రూజర్, రెండోది నిస్సాన్ ప్యాట్రోల్. ఏది గొప్పదన్న వాదన ఇక్కడి కుర్రాళ్ళ మధ్య మన ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల గొడవ లాంటిదే. ఎన్నేళ్ళైనా తెగదు. తమాషా ఏమిటంటే, ఈ రెండు బళ్ళూ ఒకే మిలిటరీ పోటీలో ఓడిపోయినవి.

1950లో కొరియా యుద్ధం మొదలైంది. జపాన్ లో కొత్తగా పెట్టిన పోలీసు రిజర్వు దళానికి జీపు లాంటి బండి కావాల్సొచ్చింది. 1951లో టయోటా ఒకటి తయారు చేసింది, నిస్సాన్ ఒకటి తయారు చేసింది. కాంట్రాక్టు మాత్రం అమెరికన్ జీపునే జపాన్ లో బిగించి ఇస్తానన్న మిత్సుబిషీకి పోయింది. ఓడిన ఇద్దరూ చేసిన బళ్ళని పారెయ్యలేక పోలీసులకీ, అడవుల్లోనూ కొండల్లోనూ తిరిగేవాళ్ళకీ అమ్ముకున్నారు. టయోటా బండి పేరు 1954లో ల్యాండ్ క్రూజర్ అయింది. నిస్సాన్ బండే ప్యాట్రోల్. అలా ఓడిపోయిన బళ్ళు ఎడారిని గెలుచుకున్నాయి.

మరి గెలిచిన జీపు సంగతేమిటి? దానికి ఇంకో అయిదారేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అసలు కథ అక్కడే ఉంది, అందులో మన వాటా కూడా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా 6 లక్షలకు పైగా జీపులు తయారు చేసింది. రెండున్నర టన్నుల జీఎంసీ లారీలు 5 లక్షలకు పైగా. కెనడాలో ఫోర్డు, షెవర్లే కంపెనీలు బ్రిటిష్ సామ్రాజ్యం సైన్యాల కోసం 4 లక్షలకు పైగా లారీలు చేశాయి. చప్పిడి ముక్కుతో, డ్రైవరు మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవాల్సినంత ఇరుకు క్యాబిన్ తో ఉండేవి అవి. బొంబాయిలో అప్పటికే జనరల్ మోటార్స్, ఫోర్డు కంపెనీల బిగింపు కర్మాగారాలున్నాయి. అస్సాంలోని లేడో నుంచి బర్మా మీదుగా చైనా దాకా అడవిని కొట్టి వేసిన రోడ్డు మీద మొదటి లారీల వరస 1945 ఫిబ్రవరి 4న కున్మింగ్ చేరింది. ఆగస్టుకల్లా యుద్ధమే అయిపోయింది.

పెళ్ళయిపోయాక పందిట్లో మిగిలిన సామాను లాంటి సమస్య వచ్చింది. అమెరికా వాళ్ళకి ఈ బళ్ళని ఓడల్లో వెనక్కి తీసుకెళ్ళడం దండగ. పైగా అన్ని లారీలు తిరిగొస్తే డెట్రాయిట్ లో కొత్త లారీ ఎవడు కొంటాడు? 1946 మేలో అమెరికాకీ ఇండియాకీ మధ్య లెక్కలు తేల్చుకునే ఒప్పందం జరిగింది. మిగిలిన యుద్ధ సామగ్రి ఇండియా ప్రభుత్వం చేతికొచ్చింది. దాన్ని అమ్మడానికి డిస్పోజల్స్ శాఖ. 'డిస్పోజల్ లారీ', 'డిస్పోజల్ జీపు', 'డిస్పోజల్ దుప్పటి' అన్న మాటలు మన తాతల నోట్లో అలా పడ్డాయి.

అసలా లారీలు మన దగ్గర అంత విలువైనవి ఎందుకయ్యాయో తెలియాలంటే అంతకు ముందు నాలుగేళ్ళు మన రోడ్లు ఎలా ఉండేవో చూడాలి. 1942లో జపాన్ బర్మాని పట్టుకుంది. రంగంలో కూలీనాలీ చేసుకునే మనవాళ్ళు వేలమంది కాలినడకన కొండలు దాటి ఇల్లు చేరాల్సొచ్చింది. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. పెట్రోలుకి రేషన్. అప్పుడు వచ్చాయి బొగ్గు బస్సులు. బస్సు వెనకాల ఇనప డ్రమ్ము లాంటి కొలిమి. అందులో బొగ్గుని చాలీచాలని గాలితో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి ఇంజన్లోకి పంపాలి. తెల్లారకముందే క్లీనరు చక్రం తిప్పుతూ కొలిమి రాజెయ్యాలి. పెట్రోలు మీద వచ్చే బలంలో ఇది సగానికి కాస్త అటూ ఇటూ. ఎత్తు వస్తే జనం దిగి నడవడం, అవసరమైతే తొయ్యడం టిక్కెట్టులో భాగమే. కొత్త బస్సు దొరకదు, ఉన్న బస్సుకి సామాను దొరకదు. నాలుగేళ్ళు అలా అరిగిపోయిన రోడ్ల మీదకి, ఇంజన్ బాగున్న లారీలు వేలం పాటలోకి వచ్చాయి.

కానీ మిలిటరీ లారీ తెచ్చి నేరుగా బస్సుగానో, ధాన్యం బండిగానో తిప్పడం కుదరదు. యుద్ధం కోసం చేసిన బండి లెక్కే వేరు. దానికి పెట్రోలు ఖర్చు పట్టదు, బురదలోంచి బయటపడ్డమే ముఖ్యం. అందుకే నాలుగు చక్రాలకీ, ఆరు చక్రాలకీ ఇంజన్ బలం పోయేలా చేస్తారు. నెల్లూరు నుంచి గుంటూరుకి వెళ్ళే బండికి అది బరువు తప్ప ఇంకేమీ కాదు. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ఊడదీస్తే ఆ మేరకు పెట్రోలు మిగులుతుంది. అమెరికన్ లారీకి స్టీరింగు ఎడం పక్క, దాన్ని కుడి పక్కకి మార్చాలి (కెనడా లారీలు సామ్రాజ్యం కోసం చేసినవి కాబట్టి వాటికి ఆ బాధ లేదు). బస్సు కావాలంటే ఛాసిస్ పొడుగు చాలదు. వెనక ముక్క కలిపి, లోపల పట్టీ వేసి రివిట్లు కొట్టాలి. ఆ పైన కర్రతో బాడీ. అంటే ఒక్క బండి మీద కమ్మరి, వడ్రంగి, ఫిట్టరు ముగ్గురూ పని చెయ్యాలన్నమాట. మన 'బాడీ బిల్డింగ్' షెడ్డు అనే వింత సంస్థ ఈ ముగ్గురి కలయికే.

ఎండ ఇంకో శత్రువు. ఫ్రాన్సు చలికి సరిపోయిన ఇంజన్ మే నెల రెంటచింతలలో ఏమవుతుంది? పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది, పంపు లాగలేదు, బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. మందు ఏమిటంటే పంపు మీద తడి గుడ్డ చుట్టడం! గేర్లు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, లేకపోతే పళ్ళు కొరుకుతున్న చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. బ్యాటరీ పోతే ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాలి. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది. అందుకే బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచి పట్టుకోవాలని క్లీనరుకి మొదటి పాఠం.

ఇంత చేసినా పెట్రోలు లారీ యజమానిని తినేస్తుంది. 1950ల్లో మద్రాసు సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు చెయ్యడం మొదలెట్టింది. పాత లారీలో పెట్రోలు ఇంజన్ పీకేసి డీజిల్ ఇంజన్ పెట్టడం పెద్ద పని అయింది. వినడానికి సులువుగానే ఉంటుంది కానీ చిక్కులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఇంజన్ వెనక భాగం, గేరుబాక్సు ముందు భాగం వేర్వేరు కంపెనీలవి. మధ్యలో మందపాటి ఇనప పలక కోసి, బోల్టు కన్నాలు రెండు వైపులా కుదిరేలా లేత్ మీద చెయ్యాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్చి నిలవదు. డీజిల్ ఇంజన్ బరువు, అందుకని ముందు కమాన్లకి ఇంకో పట్టీ వెయ్యాలి. అది నిమిషానికి తిరిగే చుట్లు తక్కువ, అందుకని బండి వేగం తగ్గుతుంది. డిఫరెన్షియల్ పళ్ళ లెక్క మారిస్తే గానీ రాదు. పెట్రోలు ఇంజన్ పీల్చే గాలి బలంతో పనిచేసే బ్రేకు బూస్టరుంటే దానికి వేరే పంపు పెట్టాలి, ఎందుకంటే డీజిల్ ఇంజన్లో ఆ పీల్పు ఉండదు. ఒకటి మారిస్తే నాలుగు మార్చాలి. డ్రాయింగు లేదు, డిగ్రీ లేదు. సుద్దముక్కతో నేల మీద గీసుకుని చేశారు.

ఈ పని మన దగ్గర ఒక్కచోటే జరగలేదు. మనీలాలో అమెరికా వదిలేసిన జీపుల్ని వెనక పొడిగించి, బెంచీలేసి, రంగులు పూసి జీప్నీలు చేసుకున్నారు. బర్మాలో కెనడా షెవర్లే లారీల మీద కర్ర బాడీలు కట్టి, రంగూన్ సిటీ బస్సులుగా 2000ల దాకా తిప్పారు. మన హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళది ఇంకా పెద్ద సాహసం. కాన్పూర్ లో తుక్కు కింద వదిలేసిన లిబరేటర్ బాంబర్ విమానాల్ని ఎగిరే స్థితికి తెచ్చి బెంగుళూరు చేర్చి బాగుచేశారు. అవి 1968 చివరిదాకా మన వైమానిక దళంలో పనిచేశాయి. విమానాల కథ రికార్డయింది. లారీల కథ కాలేదు.

ఇక్కడ ఖతార్ లో ఆ రోజుల్లో ఏం జరుగుతోంది? 1935లో చమురు ఒప్పందం, 1938లో దుఖాన్ లో తవ్వకం మొదలు, 1940 ప్రాంతంలో నూనె పడింది. యుద్ధం దగ్గరికొచ్చేసరికి 1942లో బావులు పూడ్చేశారు. ముత్యాల వ్యాపారం అప్పటికే చచ్చిపోయింది. పనిలేక జనం దేశం వదిలి వెళ్ళిపోయిన ఆకలి రోజులవి. యుద్ధం తర్వాత మళ్ళీ తవ్వి, దుఖాన్ నుంచి ద్వీపకల్పం అడ్డంగా గొట్టం వేసి, 1949 డిసెంబరు 31న ఉమ్ సయీద్ (ఇప్పటి మెసయీద్) రేవు నుంచి మొదటి చమురు ఓడ పంపారు. రోడ్డు అనేదే లేని చోట ఇదంతా చెయ్యాలంటే యుద్ధంలో పుట్టిన బండే కావాలి. సైనిక లారీకే పౌర వేషం వేసి డాడ్జి కంపెనీ 1946లో 'పవర్ వ్యాగన్' అని అమ్మింది. అరేబియా చమురు క్షేత్రాల్లో అది ఇంటిపేరైపోయింది. అమెరికాలో అమ్మకం 1968లో ఆగినా ఎగుమతి కోసం 1978 దాకా చేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మళ్ళీ నిస్సాన్ దగ్గరికి వద్దాం. ఆ ఓడిపోయిన ప్యాట్రోల్ తర్వాతి తరం బండిని 1960ల్లో మన ప్రభుత్వం లైసెన్సు మీద జబల్పూర్ లో చెయ్యడం మొదలెట్టింది. దానికి పెట్టిన పేరు జోంగా. 'జబల్పూర్ ఆర్డ్నన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ' అన్న మాటల్లోంచి లాగిన అక్షరాలవి. దాని తోడు నిస్సాన్ వన్ టన్ను లారీ. చూస్తే అమెరికన్ డాడ్జి సైనిక లారీ పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. వీటికి అన్నగారు 1959 నుంచి 1996 దాకా చేసిన శక్తిమాన్, జర్మన్ మాన్ కంపెనీ లైసెన్సు. జోంగా 1999లో ఆగిపోయింది. సైన్యం వాడి పక్కన పెట్టినవి వేలానికొచ్చాయి. కొన్నవాళ్ళు మొదట చేసిన పని పెర్కిన్స్ కాలం నాటిదే. నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ పెట్టడం!

అంటే సీలైన్ లో తిన్నె ఎక్కుతున్న ప్యాట్రోల్ కీ, మన ఊళ్ళో ఎక్కడో గడ్డివాము పక్కన తుప్పుపట్టిన జోంగాకీ తాత ఒక్కడే. దోహా కుర్రాళ్ళు దాని ఇంజన్ కి టర్బో తగిలించి బలం పెంచుతారు, మనవాళ్ళు బలం తగ్గినా ఖర్చు తగ్గేలా ఇంజనే మారుస్తారు. ఎవడి అవసరం వాడిది. రెంచి పట్టుకున్న చెయ్యి మాత్రం తరచుగా ఒక్క వైపుదే. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో, అందరూ సనాయ్యా అనే చోట, నంబర్ల వీధుల్లో వరసగా ఉన్న గ్యారేజీల్లో పనిచేసేది కేరళ, పంజాబ్, నేపాల్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మనుషులు. నిజామాబాద్, కరీంనగర్, కడప, కోనసీమ మనుషులు.

అదే సనాయ్యాకి కూతవేటు దూరంలో దీనికి పూర్తి విరుద్ధమైన పని ఒకటి ఇరవై ఏళ్ళు జరిగింది. అస్ సైలియా అనే చోట అమెరికా సైన్యం 2000 నాటికి 27 గిడ్డంగులు కట్టింది. 16 లక్షల చదరపు అడుగులు. ఒక బ్రిగేడ్ కి కావాల్సిన ట్యాంకులు, లారీలు అన్నీ ముందే తెచ్చి పెట్టుకునే చోటు. 2003 ఇరాక్ యుద్ధాన్ని నడిపించిన కార్యాలయం అక్కడే. వాడకుండా ఉంచిన బండిని కాపాడ్డం, వాడే బండిని కాపాడ్డం కంటే కష్టం. రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, టైరు ఒక్కచోటే ఆని చదునైపోతుంది, ఇంధనంలో జిగురు చేరుతుంది. అందుకే గాలిలో తేమని అదుపులో పెట్టి, వరస ప్రకారం బళ్ళని కదిలించి చూస్తూ ఉండాలి. 2021లో అమెరికా ఆ కేంద్రాన్ని మూసేసి సామగ్రిని తరలించింది.

రెండు రకాల మెయింటెనెన్సు అన్నమాట. ఒకటి బండి అచ్చం ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉండాలని చేసేది. రెండోది బండి రేపు కూడా నడవాలని, అందుకు ఏం మారిపోయినా ఫర్వాలేదని చేసేది. సాఫ్ట్ వేర్ లో నేను చూసిన మెయింటెనెన్సు ప్రాజెక్టులన్నీ రెండో రకమే. ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాముకి ఇంకెవరో మాసికలు వేస్తూ ఉంటారు. కొత్తది కట్టినవాడికి అవార్డు, పాతదాన్ని పడిపోకుండా నిలబెట్టినవాడికి వచ్చే ఏడు మళ్ళీ అదే పని. లారీ షెడ్డుల్లో కూడా అంతే జరిగింది.

అన్నీ గొప్పలే చెప్పుకుంటే అన్యాయం. ఈ లారీల చక్రాలు ముక్కలుగా బిగించేవి. లోపల గాలి ఉండగా పొరపాటున ఆ నట్లు విప్పినా, లాక్ రింగు సరిగ్గా కూర్చోకుండా గాలి కొట్టినా రింగు ఫిరంగి గుండులా లేస్తుంది. అందుకే పంక్చరు షాపుల్లో చక్రం కన్నాల్లోంచి గడ్డపార దూర్చి గాలి కొడతారు. అది భయం నేర్పిన పద్ధతి. ఆ భయం ఎవరి ప్రాణంతో వచ్చిందో ఎక్కడా రాసిలేదు. రెండున్నర టన్నుల లారీ మీద అయిదు టన్నులు వేసిన పాపం కూడా బండిది కాదు. ఇంకో సంగతి, యుద్ధం బండి ఊరికొచ్చినట్టే ఊరి బండి యుద్ధానికీ వెళ్తుంది. 1987లో చాద్ సైనికులు టయోటా పికప్పుల మీద క్షిపణులు బిగించుకుని లిబియా ట్యాంకుల్ని తరిమారు. చరిత్రలో దాని పేరే టయోటా యుద్ధం.

ఇక 1946 లాంటి వేలం మళ్ళీ రాదేమో. 2013లో అఫ్ఘనిస్తాన్ లో అమెరికా తనకి అక్కర్లేని వాహనాల్ని అమ్మడానికి బదులు అక్కడే ముక్కలు చేసి తుక్కుగా తూకం వేసింది. తీసుకెళ్ళడం ఖర్చు, వదిలేస్తే ఎవరి చేతిలో పడతాయోనని భయం.

నాకు బాధ కలిగించేది ఇది. జీఎంసీ లారీకి అమెరికా సైన్యం టీఎం 9-801 అని ఓ మాన్యువల్ వేసింది. ఇవాళ కూడా ఎవరైనా చదవొచ్చు. 1944 నాటి లారీలో ప్లగ్గు సందు ఎంత ఉండాలో, ఏ బేరింగుకి ఎప్పుడు గ్రీజు పెట్టాలో దోహాలో కూర్చుని నిమిషంలో తెలుసుకోగలను. కానీ షెవర్లే గేరుబాక్సుకి పెర్కిన్స్ ఇంజన్ కుదిర్చిన ఇనప పలక కొలతలు? స్టీరింగు బాక్సు కుడి పక్కకి ఎలా తెచ్చారు? కర్ర బాడీకి ఏ కలప, ఎన్ని దూలాలు? నాకెక్కడా దొరకలేదు. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో మొదలెట్టారని మనకి తెలుసు. ఆర్టీసీ 1958 జనవరి 11న పుట్టిందనీ తెలుసు. విజయవాడ ఆటోనగర్ 1966లో వచ్చిందనీ తెలుసు. ఈ తేదీల మధ్య సందుల్లో, సంతకి ధాన్యాన్నీ, ఆస్పత్రికి మనుషుల్నీ, పరీక్షకి పిల్లల్నీ చేరవేసిన బళ్ళని నిలబెట్టిన మేస్త్రీల పేర్లు మాత్రం తెలియవు. వాళ్ళలో చాలామంది ఎప్పుడో పోయారు. వాళ్ళ దగ్గర చిన్నప్పుడు నట్లు అందించిన కుర్రాళ్ళకి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి.

మీ ఇంట్లోనో, వీధిలోనో అలాంటి పెద్దాయన ఉంటే ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఓ గంట కూర్చోండి. "మిలిటరీ లారీ ఇంజన్ ఎలా మార్చేవారు బాబాయ్?" అని అడిగితే చాలు. మొదట "ఇప్పుడవన్నీ ఎందుకురా" అంటారు. తర్వాత కాగితం, పెన్సిలు అడుగుతారు. ఆ కాగితం మాత్రం పారెయ్యకండి.